సౌమక్క పొయ్యి కింద మూడు తీగలు

ఆ సాయంత్రం హెమెదిని కథ చెప్పమని మాలో ఎవరూ అడగలేదు. మాకంత ధైర్యం ఎక్కడిది? అడిగింది మునిసిపాలిటీ నుంచి వచ్చిన షెకిలిండి గారు. పాపం, ఆయనకి హెమెది సంగతి తెలీదు.

మా ఊరు టాంగాలో, రేవుకి పోయే దారిలో ముసలి మ్బరూకు కాఫీ పోస్తాడు, సాయంత్రాలు మేం చేరేది అక్కడే. అతని బల్లల పక్కనే సౌమక్క బొగ్గుల పొయ్యి మీద చేపలూ కర్రపెండలం ముక్కలూ వేయిస్తుంది. పోయిన సోమవారం ఆ పొయ్యి పక్కన భూమిలో ఉన్న తీగలు తెగి, ఎదురుగా ఉన్న సరుకులు విడిపించే ఆఫీసులో ఇంటర్నెట్ ఆగిపోయింది. కంపెనీవాళ్లు వచ్చి తవ్వి, అతికించి, పూడ్చి, పోతూ పోతూ "పొయ్యి వేడికి కరిగుంటాయి" అని ఒక మాట విసిరిపోయారు. అదే నిజమైతే పొయ్యి అక్కణ్ణుంచి లేపేయాలి. అది తేల్చడానికే షెకిలిండి వచ్చాడు. ఆఫీసులో ఇంటర్నెట్ చూసుకునేది హెమెదే కాబట్టి, "ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

ఉన్నదున్నట్టు! హెమెదిని! ముసలి మ్బరూకు కాఫీ కూజా కింద పెట్టేసి, తీరిగ్గా కూర్చున్నాడు.

"చెప్తాను సార్, ఉన్నదున్నట్టే చెప్తాను, నాకు గోరంతని కొండంత చేసే అలవాటు లేదు, కావాలంటే వీళ్లని అడగండి, అడగొద్దు లెండి, వీళ్లకి నేనంటే కుళ్లు. ఆదివారం మా కొంబో పెళ్లి, ఇదిగో ఈ వీధిలోనే పందిరి, తెల్లారేదాకా పాటలు. సోమవారం కళ్లు మూతలు పడుతుంటే ఆఫీసుకి వెళ్లాను. గుమ్మంలోనే గుమాస్తాలందరూ నా మీద పడ్డారు. ఒకడేమో నాకు ఇంటర్నెట్ ఉందంటాడు, వాడి పక్క కుర్చీలోవాడు నాకు లేదంటాడు, మూడోవాడు నా ఉత్తరం పోతోంది గానీ జవాబు రావట్లేదంటాడు. ఒకే గది, ఒకే గోడ! ఇన్నేళ్ల సర్వీసులో అలాంటిది చూళ్లేదు."

"ఎన్నేళ్లు?" అన్నాడు మ్బరూకు.

"రెండు అయిపోవస్తున్నాయి తాతా, మధ్యలో మాట్లాడకు. సార్, మా ఆఫీసుకి ఇంటర్నెట్ లైన్లు ఒకటి కాదు, మూడు. మూడు కంపెనీలవి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. ఆ మూడూ వచ్చి ఫైర్‌వాల్ అనే పెట్టెలో కలుస్తాయి. అది మా గుమ్మంలో కాపలావాడన్నమాట, ఏ మాట ఏ దారిన బయటికి పోవాలో, ఎవర్ని లోపలికి రానివ్వాలో వాడి ఇష్టం. వాణ్ణి చూస్తే మూడు లైన్లకీ పచ్చదీపమే! అన్నీ బాగున్నాయట! ఇక్కడ పనేమో చచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను కనిపెట్టేశాను. నాకు ముందు ఈ పనిలో ఉన్నవాడు, ఆ తెలివితక్కువవాడు, లైను బతికుందో లేదో ఎవర్ని అడగమని పెట్టాడో తెలుసా? గదిలోనే ఉన్న కంపెనీ డబ్బాని! సముద్రంలో ఓడ మునిగిందా అని రేవు గేటు దగ్గర జవానుని అడిగితే వాడేమంటాడు, గేటు బాగానే ఉందంటాడు. నేను దాన్ని మార్చి ఎక్కడో దూరాన నైరోబీలో ఉన్నవాణ్ణి అడగమన్నాను. అంతే, ఠక్కున ఎర్రదీపం!"

ఇక్కడిదాకా బాగానే ఉంది. షెకిలిండి కూడా తలూపాడు. నిజం చెప్పొద్దూ, హెమెదికి పని వచ్చు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"మొదటి లైను చచ్చిందండీ. రెండోది ఒక నిమిషం బతికుంటుంది, ఒక నిమిషం పోతుంది. మూడోది కుంటుతోంది. అందుకని ఏమవుతోందంటే, ప్రశ్న రెండో దారిన పోతోంది, అది పోగానే దారి మూసుకుపోతోంది, జవాబు తిరిగి తిరిగి మూడో దారిన వస్తోంది. వస్తే కాపలావాడు, 'నువ్వు ఈ గుమ్మంలోంచి వెళ్లలేదే, నిన్నెవడు పిలిచాడు, పో' అని తలుపేసేస్తున్నాడు. పాపం ఆ జవాబులు బయట నిలబడి ఏడుస్తున్నాయి సార్. నేను ఈ చెవులతో విన్నాను."

"జవాబులు ఏడ్చాయా?" అన్నాడు షెకిలిండి.

"వెక్కి వెక్కి! అన్నిటినీ ఆ కుంటి లైనుకే కట్టి కాసేపు నడిపించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదీ చచ్చింది. రేవులో పద్నాలుగు ఓడలు. కాయితం కదిలితేగాని సరుకు కదలదు. మా యజమాని నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. నేనేం చేశాను? నా ఫోను తీశాను, పెట్టెకి తగిలించాను, ఆఫీసు ఆఫీసంతా నా ఫోను మీద నడిపించాను. పక్కాఫీసువాడు వచ్చి కాళ్లు పట్టుకున్నాడు, సరే వాణ్ణీ కలిపాను. బ్యాంకువాళ్లొచ్చారు, కలిపాను. రేవు, స్టేషను, పెద్దాసుపత్రి. మధ్యాహ్నానికి టాంగా టాంగా అంతా నా జేబులో ఉంది సార్! పొద్దు వాలేసరికి పెంబా దీవి వచ్చి చేరింది, ఆ పైన మొంబాసా. ఫోను ఎంత కాలిందంటే జేబు మాడిపోయింది."

"ఆ రోజు నీకు మూడుసార్లు కాఫీ పోశాన్రా, చొక్కా నిక్షేపంలా ఉంది" అన్నాడు మ్బరూకు.

"లోపలి జేబు తాతా! లోపలి జేబు! బయటికి కనపడితే జనం హడలిపోరూ? అప్పుడు ఫోను చాలక, మూడు తీగల కొసలూ ఊడబీకి, ఒకటి ఈ చేత్తో, ఒకటి ఆ చేత్తో, మూడోది పళ్ల మధ్య పట్టుకున్నాను. ఇక ఇంటర్నెట్టంతా నా ఒంట్లోంచే పోవడం! ఏ మాట ఎటు పోవాలో నేనే తల తిప్పి పంపించాను. కుడికి తిప్పితే జాంజిబారు, ఎడమకి తిప్పితే నైరోబీ. చైనావాళ్ల ఓడ మాటలు నా పళ్లలోంచి పోయాయి సార్, అంతే, నాకు చైనా భాష వచ్చేసింది! అరగంటసేపు ఇంకో భాష రాలేదు. మా అమ్మ ఫోన్ చేస్తే చైనా భాషలోనే మాట్లాడాను, ఆవిడ ఏడ్చేసింది."

మా బల్ల మీద నవ్వు ఆగలేదు. షెకిలిండి మాత్రం నవ్వలేదు. కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు, నమ్మి కాదు, ఒక మనిషి మొహం మీదే ఇంత అబద్ధం ఆడగలడా అని. ఆ చూపుని హెమెది మెప్పు అనుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన విమానం! దారి చూపే యంత్రం పోయిందట. పైలట్ నన్నడిగాడు, అన్నా ఎక్కడ దిగను అని. తీగ నోట్లో ఉందిగా, మాట్లాడ్డానికి లేదు. కనుబొమలతో చెప్పాను. దిగాడు, చక్కగా."

"ఆ కనుబొమలు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి" అన్నాడు మ్బరూకు.

"సరేనయ్యా" అన్నాడు షెకిలిండి, "తీగలు ఎందుకు తెగాయి? నాకు కావలసింది అది."

ఆ మాటకి సౌమక్క నూనెలోంచి గరిటె తీసి పట్టుకుంది. మేం కూడా నవ్వు ఆపాం.

"అక్కడికే వస్తున్నా సార్. ఈ పని ఎన్నాళ్లు, పళ్లు అరిగిపోతాయి అనుకుని, తీగ ఎక్కడ తెగిందో చూద్దామని పైపులో దూరాను. మణికట్టంత పైపు. ఊపిరి బిగబట్టి దూరాను. పాకుతూ వస్తుంటే, సార్, ఏం చూశాననుకున్నారు! మూడు కంపెనీలు, మూడు లైన్లు, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని కదా పెట్టుకున్నాం? మూడు తీగలూ ఒకే పైపులో ఉన్నాయి! కావిలించుకుని పడుకున్నట్టు! పైన మూడు పేర్లు, కింద ఒకటే కన్నం! నేను అక్కడే, ఆ చీకట్లో, కూర్చుని ఏడ్చాను."

ఇది మాత్రం నిజమే. కంపెనీవాళ్లు తవ్వినప్పుడు మేమందరం చూసి నోరెళ్లబెట్టాం. కానీ హెమెది ఏడవడానికి పైపులో కూర్చున్నాడంటే ఏం చేస్తాం.

"ఇంకా పాకాను. వేడి! పైన ఎక్కడో బొగ్గుల చిటపట, చేపల వాసన. పైకి చూస్తే సౌమక్క పొయ్యి! ఆ వేడికి తీగలు మైనంలా కరిగి కారుతున్నాయి సార్. నా వేలు అతుక్కుపోయింది."

మా బల్ల మీద అందరం బిగుసుకుపోయాం. ఒరేయ్, నీ కోతలకి ఇదా చోటు! హెమెదికి తను ఏమన్నాడో కూడా తెలీలేదు. కథ రంజుగా వచ్చింది, అంతే వాడికి కావలసింది.

"నువ్వు కళ్లారా చూశావా తమ్ముడూ?" అంది సౌమక్క. "మా అమ్మ ఇక్కడే వేయించింది. ఇద్దరు పిల్లల్ని ఈ పొయ్యి మీదే పెంచుతున్నాను. నేల ఎన్నడూ గోరువెచ్చనైనా కాలేదు, కింద మూడు రాళ్లు పెట్టి ఎత్తుగా పెట్టుకున్నాను, చూడు. ఇది లేపేస్తే నేను ఎక్కడికి పోను?"

"చూడటమేంటక్కా, అతుక్కుందంటుంటే!"

షెకిలిండి లేచాడు. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాడు. "మిగతాది ఎలా ఉన్నా, కంపెనీవాళ్లూ అదే అన్నారు. ఇద్దరూ ఒకే మాట అంటే నేను కాదనలేను తల్లీ" అన్నాడు.

సౌమక్క ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. నాలుగు కర్రపెండలం ముక్కలు ఆకులో పెట్టి, మీద కారం చల్లి, హెమెది చేతికిచ్చింది.

"తిను తమ్ముడూ. నీలాంటి పనివాడు ఈ రేవులో ఇంకోడు లేడు, ఒప్పుకున్నాను. తీగలూ పెట్టెలూ అంటే నీ తర్వాతే ఎవరైనా. కండ ఉన్న పని మాత్రం నీ వల్ల కాదట కదా."

"ఎవరన్నారు?"

"ఆడవాళ్లందరూ అన్నారు. కొంబో పెళ్లి పందిరికి ఇనప మేకు కొట్టమంటే నీ వల్ల కాలేదట, సమ్మెట ఎత్తలేక కూర్చున్నావట. పోనీలే, దేవుడు అందరికీ అన్నీ ఇవ్వడు."

హెమెది నోట్లో ముక్క నోట్లోనే ఉంది. మొహం ఎర్రబడింది.

"నా వల్ల కాలేదా? నా వల్లా? సార్, మీరు కూర్చోండి, ఇది వినాలి! ఆ పందిరి మూల మేకు కొట్టింది ఎవరు? నేనే! ఒక్కణ్ణే! మిగతావాళ్లు మేకు జానెడు దింపి చేతులెత్తేశారు. నేను సమ్మెట ఎత్తాను, ఒక్క దెబ్బ! మోచేయి లోతు దిగింది!"

"మోచేయే?" అంది సౌమక్క, పెదవి విరిచి.

"మోచేయేంటి, నడుము లోతు! కింద ఏదో అడ్డం తగిలింది."

"రాయేమోలే. అక్కడ ఆగిపోయి ఉంటావు."

"ఆగడమా? నేనా? రాయైతే ఖంగుమంటుందక్కా, నాకు తెలీదా! ఇది బోలుగా పైపులా ఉంది. ఇంకో దెబ్బ వేశాను, ఫట్‌మని చీలి మేకు అవతలికి దిగిపోయింది! మర్నాడు పీకడానికి ఆరుగురు కావలసి వచ్చారు!"

"ఎక్కడో చూపించు మరి, నమ్ముతాను."

హెమెది ఆకు కింద పెట్టి, ఛాతీ విరుచుకుని, నాలుగడుగులు వేసి, సౌమక్క పొయ్యి పక్కన కంపెనీవాళ్లు కొత్తగా పూడ్చిన మట్టి మీద మడమతో టపీమని తొక్కాడు.

"ఇదిగో! సరిగ్గా ఇక్కడే!"

మ్బరూకు చేతిలో కప్పు వంగి కాఫీ ఒళ్లో కారుతోంది, ముసలాయన చూసుకోలేదు. కాలుతోందని కూడా తెలిసినట్టు లేదు. హెమెది మా మొహాల వంక ఒక్కొక్కరినీ చూశాడు, మెప్పు కోసం. తర్వాత తన కాలి కింద మట్టి వంక చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సోమవారం పొద్దున్నుంచి పెట్టె ముందు కూర్చుని, మూడు లైన్లనీ మార్చి మార్చి వెతికిన దోషం, ముందురోజు తన చేత్తో తనే భూమిలోకి దిగ్గొట్టాడని వాడికి నిజంగానే తెలీదు. ఆ దిమ్మెరపాటు నటన కాదు.

"సార్" అన్నాడు ఎట్టకేలకు, "నడుము లోతంటే... అంత లేదు సార్. జానెడు. జానెడు కూడా కాదేమో. నేను మెల్లగానే కొట్టాను. అసలు నాకు చేతుల్లో బలమే ఉండదు సార్, తాతని అడగండి."

ఎన్నేళ్లుగానో ఎరుగుదుం హెమెదిని. వాడు ఒకదాన్ని ఉన్నదానికంటే తగ్గించి చెప్పగా వినడం అదే మొదటిసారి.

షెకిలిండి మట్టి వంక చూశాడు, పొయ్యి కింద మూడు రాళ్ల వంక చూశాడు. "పొయ్యి ఉండనీ తల్లీ" అన్నాడు సౌమక్కతో. తర్వాత హెమెది భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు మా ఆఫీసుకి రా బాబూ. ఇంతసేపు నువ్వు చెప్పినదాంట్లో నేను నమ్మింది ఆ మేకొక్కటే."