గీతకు దిగువన ఒక చుక్క

1988 జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, కార్యాలయం తలుపులు ఇంకా తెరవకముందే నియామకపత్రం చేతబట్టుకొని మెట్లమీద నిలబడిన ఒక యువతి, గణాంక సహాయకురాలిగా మన ఔషధ పరిశీలన విభాగంలో ప్రవేశించారు. ఆనాడు విభాగమంటే రెండవ అంతస్తులో ఒక పొడవాటి గది, నడుము లోతు మందుల చీటీల కట్టలు, కిటికీ ఎండకు రంగు వెలిసిన ఒక గోడపటం, అంతే. ఆ సహాయకురాలే నేడు ప్రధాన గణాంకాధికారిణిగా, మన అందరికీ చుక్కలక్కయ్యగా, పదవీ విరమణ చేస్తున్నారు.

ఆ పేరు ఊరకే రాలేదు. ఏ వైద్యుడు ఏ మందును ఎందరికి, ఎన్నాళ్లకు వ్రాస్తున్నారో దుకాణాల నుండి తిరిగివచ్చే చీటీలను బట్టి లెక్కగట్టి, ఒక్కొక్క వైద్యుని ఒక్కొక్క చుక్కగా పటంపై నిలిపి, నడుమనున్న సగటు గీతకు మరీ ఎడంగా తొలగిన చుక్కను గుర్తించడమే ఆమె వృత్తి. తొలి దశాబ్దంలో ఆ చుక్కలను గుండుసూదులతో గుచ్చారు. తరువాతి దశాబ్దంలో విభాగమంతటినీ కంప్యూటర్లకు అలవాటు చేశారు. “ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చిందంటే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయండీ!” అని వైద్యుల సమావేశంలో ఒక పెద్దాయన వాపోగా, నవ్వినవారిలో అందరికంటె ఎక్కువగా నవ్వింది ఆమే.

అయితే ఆమె ఎన్నడూ ఫోనుతో మొదలుపెట్టలేదు. చుక్క గీత తప్పినంత మాత్రాన వైద్యునికి తాఖీదు పంపరాదనీ, ముందుగా అతని క్లినిక్కుకు వెళ్లి, రోగులు వేచియుండే గదిలో ఒక పూట కూర్చొని రావాలనీ ఆమె నియమం పెట్టుకున్నారు. క్రమేణ అదే విభాగపు ఆచారమైంది. “పైకి పోయిందంటే తప్పు చేశాడని కాదర్రా. ఎందుకు పోయిందో కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది,” అనేవారు. నొప్పిమందులు విపరీతంగా వ్రాస్తున్నాడని అందరూ అనుమానించిన ఒక వైద్యుని గదిలో ఆమె చూసినది అవసానదశలోని రోగుల బంధువులను. ఆ చుక్క జోలికి మరెవ్వరూ పోలేదు.

ఆమె భర్తగారు కూడా సాధారణ వైద్యులే. బజారు మూలమీద, తాళాలు బాగుచేసే కొట్టు పక్కన, రెండు గదుల క్లినిక్కు వారిది. వివాహమైన వారంలోనే ఆమె, ఆ క్లినిక్కు లెక్కలను తనకు అప్పగించవద్దని లిఖితపూర్వకంగా కోరారు. నాటినుండి వాటిని చూసినది, ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పి వచ్చినందున మాస్టారని పిలువబడిన సహోద్యోగి. వైద్యులవారు మాత్రం నెలనెలా, భోజనాల దగ్గర, తప్పక అడిగేవారు.

“ఏమోయ్, ఈ నెల నా చుక్క ఎక్కడుంది?”

“ఆఫీసు సంగతులు ఆఫీసులోనే. చల్లారిపోతోంది, తినండి.”

“పైనుందా, కిందుందా? అదొక్కటీ చెప్పు.”

“మీ మాస్టార్నే అడగండి.”

వారి కుమార్తెకు ఈ సంభాషణ కంఠతా వచ్చునట. ఆయన అడగడం మానలేదు. ఈమె చెప్పనూ లేదు.

2009వ సంవత్సరపు వేసవిలో, క్లినిక్కు నుండి ఇంటికి వచ్చిన వైద్యులవారు, కుర్చీలో చేరగిలబడి, మరి లేవలేదు. సెలవు ముగించుకొని ఆమె విధులలో చేరిన నాటికి కొత్త పటం వచ్చియున్నది. అందులో ఆయన చుక్క ఉన్నది. చీటీలు దుకాణాలనుండి ఆలస్యంగా వస్తాయి గనుక, పోయినవారి చుక్క ఒకటి రెండు నెలలు పటంపై నిలవడం ఆమె ఎరిగిన విషయమే. ఆమె ఆ చుక్కను చూస్తూ కూర్చున్నారు.

మరుసటి నెలా ఉన్నది. ఆ పై నెలా ఉన్నది. తరగిపోవలసినది నిలిచియుండగా, ఆమె తన పని చేసుకుంటూనే మధ్యమధ్య ఆ మూలకు చూసేవారు. శరత్కాలంలో మాస్టారు ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

“అక్కయ్యా, ఎలా చెప్పాలో తెలీడం లేదు. బావగారి చుక్క పైకి పోతోంది. నిద్రమాత్రలు.”

“ఆయన వారానికి మించి రాయరు.”

“అదే కదా నేననేది. ఇప్పుడు నెలలకి నెలలు రాస్తున్నారు.”

ఆమె చేతిసంచి అందుకొని, “లెక్క మీది. కుర్చీ నాది. పదండి,” అన్నారు.

భర్తగారి క్లినిక్కులో, రోగులు వేచియుండే గదిలో, బల్ల అదే, గడియారమూ అదే. పక్కన కూర్చున్న వృద్ధురాలు, ఈమె ఎవరో తెలియక, మాటలు కలిపింది. “పెద్ద డాక్టరుగారు ఏడు మాత్రలే ఇచ్చేవారమ్మా, అదీ తిట్టి తిట్టి. పాపం, మహానుభావుడు. ఈయన మంచాడు, అడిగినన్ని రాస్తాడు. ఇప్పుడు అవి లేందే కన్ను మూతపడదనుకో.”

లోపల, పెద్దాయన పోయాక క్లినిక్కును నడుపుతున్న తాత్కాలిక వైద్యుడు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. చీటీ ఏ వైద్యునిదో తెలిపే సంకేతసంఖ్యకు తన పేరిట దరఖాస్తు పెట్టాననీ, అది రానందున పెద్దాయన తన సంఖ్యతో అచ్చువేయించిన చీటీల మీదనే వ్రాస్తున్నాననీ, దాచకుండా చెప్పాడు. ఆయన సంఖ్యతో ఈయన మందులు. అందువల్లనే ఆ చుక్క బ్రతికియున్నది.

నివేదిక విభాగాధిపతికి చేరింది. నాడు ఆ పదవిలో ఉన్న ఈ వ్యాసకర్త, ఆ సంఖ్యను రద్దుచేస్తే ఏమి చెరిగిపోతుందో ఎరిగినవాడై, “తొందరేం లేదమ్మా, ఈ నెల పటం అలా పోనివ్వండి,” అన్నాడు.

“ఉంచుకోవాలనే ఉంది సార్,” అన్నారామె. “కానీ వచ్చే నెలకి ఆ ముసలావిడకి పూర్తిగా అలవాటైపోతుంది.”

సంఖ్య ఆనాడే రద్దయినది. తాత్కాలిక వైద్యునికి సొంత సంఖ్య వచ్చినది. పటంపై ఎంతో ఎత్తున మొలిచిన అతని చుక్క, అతడు రోగులచేత మాత్రలను కొద్దికొద్దిగా మాన్పించగా, ఏడాదికి గీతను సమీపించినది. రద్దయిన సంఖ్య తాలూకు చుక్కను చివరిసారిగా బోలు వలయంగా గీయడం మన ఆచారం. ఆమె మాస్టారిని ఒక్కటే కోరారు: తేదీనీ, సంతకాన్నీ చూసి, ఆయన స్వయంగా వ్రాసిన చీటీలను వేరుచేసి, వాటితోనే ఆ చివరి వలయాన్ని గీయమని. మాస్టారు అలాగే గీశారు.

ఆ సాయంత్రం ఇద్దరికే కంచాలు పెట్టిన భోజనబల్ల వద్ద, ఎవరూ ఏమీ అడగకుండానే, తల్లి ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఒక మాట అన్నదని కుమార్తె చెప్పింది.

“గీతకి కిందే ఉందండీ. ఎప్పుడూ అక్కడే ఉండేది.”

నాటినుండి నేటివరకు, కొత్త పటం వచ్చినప్పుడల్లా ఆమె చూపు మొదట ఆ ఖాళీ చోటికే వెళ్లేది. అది తెలిసిన చిన్నవారు, ఆమె కళ్లద్దాలు సవరించుకొనేవరకు నోరు మెదిపేవారు కారు. వచ్చే నెల పటాన్ని మరొకరు విప్పుతారు. ఆ క్షణకాలపు మౌనాన్ని మాత్రం విభాగం విడనాడరాదని ఈ వృద్ధుని మనవి.

అమ్మా, మీకు నిండు ఆరోగ్యం, నిదురమాత్ర ఎరుగని రాత్రులు, మనుమలతో కళకళలాడే భోజనబల్ల, నూరేళ్లకు తగ్గని ఆయువు కలుగుగాక. ఆ బల్ల దగ్గర ఇక ఆఫీసు సంగతులు ఎన్నయినా చెప్పుకోండి, మీకు అడ్డులేదు.