వియ్యపురాలి ఉంగరం

కజకిస్తాన్‌లోని షిమ్‌కెంత్‌లో కూతురి అత్తవారింటికి ఆవిడ రావడం అదే మొదటిసారి. కూతురు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టి, లోపలికి వెళ్లిపోయింది. వియ్యపురాలు టీ పోసింది. ఎదురుగోడ నిండా పాత వెండే: జడబిళ్లలు, కడియాలు, గుర్రపు కళ్లెపు బిళ్లలు.

“గోడ భలే అలంకరించారు వదినా. అరె, అది నేను పెట్టిన ఉంగరమే! రెండు వేళ్లకూ కలిపి తొడుక్కోవలసింది గోడకెక్కించారేం?”

“వేళ్లు వాచాయి వదినా. ఇలాగైతే రోజూ కళ్లముందుంటుందని...”

“సరేలెండి. మరి దాని పక్కన అలాంటిదే ఇంకోటుందే?”

“అదా... పాతది. సంతలో కొన్నాం.”

“భలేవారే! రెండిళ్లు ఒకటయ్యాయని పిల్లతల్లి పెట్టే ఉంగరాన్ని సంతలో ఎవరమ్ముతారు? మీ అత్తగారిదా?”

“కాదు.”

“మీకు దౌరెన్ ఒక్కడే కదా కొడుకు? కూతుళ్లు కూడా లేరు.”

“ఒక్కడే.”

“ఒక్క కొడుక్కి ఇద్దరు వియ్యపురాళ్లెలా వచ్చారు?”

వియ్యపురాలు తల దించుకుంది.

“అంటే... మా పిల్ల రెండోదా?”

“మొదటి పిల్ల ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వెళ్లిపోయింది వదినా. చెబితే మీరు పిల్లనివ్వరని...”

“మా గొంతు కోశారు కదా! పైగా ఆ రెండో ఉంగరాన్ని నా కళ్లెదుటే తగిలిస్తారా? ఎంత గుండె ధైర్యం మీకు!”

“నేను తగిలించలేదు. పొద్దున నా పెట్టె అడుగున దొరికితే, రెండూ పక్కపక్కన తగిలించింది మీ అమ్మాయే. మిమ్మల్ని దానికెదురుగా కూర్చోబెట్టిందీ తనే. ఇప్పుడు లోపల బట్టలు సర్దుకుంటోంది.”