యానాంలో దవడకట్టు పండగ

ఒట్టు, బాబూ. నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా మన గౌతమి గోదారి ఉన్నపళంగా వెనక్కి తిరిగి నాసిక్కు వెళ్ళిపోవాలి. చూడు, కదిలిందా? కదల్లేదు కదా. మరయితే రాసుకో. పేరంటాలని యానాంలో ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది, నిక్షేపంలా ఉంది. ఎండుచేపలు అమ్ముద్ది. గొంతు ఎలాంటిదంటే, ఇవతల గట్టు మీద నిలబడి "ఒరేయ్, ఆగండెహె" అని ఒక్క కేక వేస్తే అవతలి గట్టు ఎదుర్లంక నించి జనాన్నేసుకొచ్చే పంటు నడిగోదాట్లో ఆగిపోయేదంట. పంటే కాదు, దాని కింద చేపలు కూడా ఆగి పైకి చూసేవంట. అలాంటి మనిషికి ఫ్రెంచి వచ్చు. నవ్వకు, నిజంగా వచ్చు. యానాం ఫ్రాన్సు వాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో వాళ్ళమ్మ చిట్టెమ్మ దొరగారింట్లో వంటకి సాయం చేసేది. దొరసాని పగలల్లా చిట్టెమ్మని ఏమేం తిట్టేదో, అవన్నీ చిట్టెమ్మ మూటగట్టుకొచ్చి ఇంటి దగ్గర కూతుర్ని తిట్టేది. అలా అబ్బింది ఫ్రెంచి. పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. ఒక్కో మాటకి వీపు మీద ఒక్కో చరుపు, ఇంక చచ్చేదాకా మర్చిపోద్దా?

సరే, దొరలు వెళ్ళిపోయారు, జెండా మారిపోయింది. గోదారి గట్టు పక్కన వాళ్ళ కాలం నాటి ఇల్లు ఒకటి మిగిలింది. అది కూడా ఏటికో గోడ చొప్పున కూలిపోగా ఒక్క గది నిలబడింది. ఫ్రెంచి భాష నిలబెడదామని పాండిచ్చేరిలో ఒక సంఘం ఉందిలే, ఆ గది వాళ్ళది. తాళంచెవి మాత్రం పేరంటాలు బొడ్లో ఉండేది. లక్ష్మివారం లక్ష్మివారం చేపల గంప దించేసి, శీకాయపొడితో చేతులు రుద్దుకుని, వీధిలో పిల్లల్నీ కోడళ్ళనీ పని లేని ముసలాళ్ళనీ పోగేసుకుని ఆ గదిలో కూచోబెట్టేది. ముప్పై మందే అని కొందరంటారు, వాళ్ళకి లెక్క రాదు, మూడు వేలమంది. ఏం చెప్పేదంటావా? బోంజూరంటే దండాలండి అని, మెర్సీ అంటే సంతోషమండి అని, తర్వాత పేరూ ఊరూ ఇంట్లో సంగతులూ చెప్పుకోడం. అవి అయ్యాక ఇంక తిట్లే. తిట్లయితే అందరికీ గడగడా వచ్చేవంట. ఎవరో కోడలు పిల్ల అడిగిందంట, అత్తా, మనకిదంతా ఎందుకూ, మనది తెలుగేగా అని. దానికి పేరంటాలు ఏమందంటే, "తెలుగు మనింట్లో ఉంది, సంతలో ఉంది, గోదారికి ఇవతలా అవతలా ఉంది, దానికొచ్చిన లోటేం లేదే. ఈ ముక్కలు మాత్రం మనం మాట్టాడకపోతే ఈ గట్టు మీద ఇంకెవరు మాట్టాడతారు? మా అమ్మ గొంతు ఇందులో ఉందే" అందంట.

ఇంక పండగ సంగతి చెప్పాలి. జూలై నెల పధ్నాలుగో తారీకు ఫ్రాన్సు వాళ్ళకి పెద్ద పండగ కదా. ఆ రోజు పేరంటాలు వాళ్ళు ఏం చేసేవారంటే, పొద్దున్నే తలంట్లు పోసుకుని, ఉతికిన తెల్లగుడ్డ గడ్డం కింద నించి రెండు బుగ్గల మీదుగా పైకి లాగి నడినెత్తి మీద ముడేసుకునేవారు. ముడి చెవులు రెండూ కుందేలు చెవుల్లా నిలబడాలి. ఎడం చెయ్యి ఎడం బుగ్గకి ఆనించాలి. కుడిచేత్తో జెండాకి సలాం కొట్టాలి. ఆ పూట ఏదీ నమలకూడదు, చల్లారిన గంజి మూతి ఓ పక్కకి పెట్టి పీల్చాలి. పొద్దుగూకేదాకా ముడి విప్పకూడదు, మాట్లాడకూడదు. మధ్యమధ్య కళ్ళు మూసుకుని, తల ఇటూ అటూ ఊపుతూ, "ఓ... లా లా లా" అని మూలగాలి. అంతమందీ కలిసి ఒక్కసారి మూలిగితే కాకినాడలో కిటికీ అద్దాలు ఊగేవంట, అనుకో. ఇదంతా ఎవరు నేర్పారంటే చిట్టెమ్మే. దొరగారు యానాంలో చేసిన ఆఖరి పండక్కి సరిగ్గా ఇలాగే వచ్చాడు, ఇలాగే మూలిగాడు, నా కళ్ళతో నేను చూశాను అనేది. దొర చేశాడంటే అది పద్ధతే కదా మరి. నువ్వైతే దొర దగ్గరికెళ్ళి, ఏమయ్యా, ఆ గుడ్డెందుకు కట్టావూ అని అడుగుతావా? అడగవు. వాళ్ళూ అడగలేదు.

ఇలా ఏళ్ళకేళ్ళు జరిగిపోతుంటే ఏమైందంటే, ఐసు నూకరాజని ఒకడున్నాడు. చేపల వాళ్ళకి ఐసు దిమ్మలు కొట్టి అమ్ముతాడు. వాడి కన్ను ఆ గది మీద పడింది. మందపాటి గోడలు, చల్లటి గది, గట్టుకి దగ్గర, దిమ్మలు పేర్చుకోడానికి అంతకంటే మంచిచోటు వాడికి లోకంలో లేదు. వాడు తిన్నగా పాండిచ్చేరి రైలెక్కి ఆ సంఘం వాళ్ళ చెవులు కొరికాడంట. అయ్యా, అక్కడ ఫ్రెంచీ లేదు గాడిదగుడ్డూ లేదు, పండగనాడు చూడండి, ఊరందరికీ గవదబిళ్ళలు లేచినట్టు మొహాలకి గుడ్డలు కట్టుకుని మూలుగుతుంటారు, ఆ గది నాకివ్వండి, మంచి అద్దె ఇస్తాను అని. వాళ్ళు ఏమన్నారంటే, పండగనాడే మా తరఫున ఒక మదాంని పంపుతాం, ఆవిడ చూసి అక్కడ ఫ్రెంచి బతికుందంటే గది పేరంటాలు దగ్గరే ఉంటుంది, లేదందంటే తాళంచెవి నీది అన్నారు. ఆ కబురు పేరంటాలుకీ వచ్చింది. అంతే, ఆవిడకి అన్నం సయించలేదంట. మామూలుగా కుంచెడు బియ్యం తినే మనిషి అరకుంచెడు తిని చెయ్యి కడిగేసుకుంది. గది పోతే ఫ్రెంచి పోతుంది, ఫ్రెంచి పోతే అమ్మ తిట్లు ఎక్కడ తిట్టుకోవాలి, ఎవరికి తిట్టి చూపించాలి? అదీ ఆవిడ బెంగ.

పండగ రానే వచ్చింది. ఆషాఢం ముసురు, ఒక్కో చినుకు కొబ్బరిబోండమంత. మదాం కారు దిగింది. పేరు మార్గెరిత్ అంట. ఎంత పొడుగంటే, ఆవిడ మెడ వంచకపోతే మబ్బులు జుట్టుకి చిక్కుకుంటాయి. గది ముందు అందరూ దవడలు కట్టుకుని, చేతులు బుగ్గలకి ఆనించుకుని వరసగా నిలబడ్డారు. నూకరాజు కూడా వచ్చాడు, చేతిలో కొత్త తాళంకప్ప పట్టుకుని. మదాం నవ్వుతూ అందరికీ "బోంజూర్" అంది. వీళ్ళు "ఊఁ" అన్నారు. మదాం మళ్ళీ అంది. వీళ్ళు మళ్ళీ "ఊఁ". ఓ చిన్నపిల్ల ముందు వంగి నీ పేరేమిటమ్మా అని ఫ్రెంచిలో అడిగింది. ఆ పిల్ల గంగిరెద్దులా తలూపి, కళ్ళు మూసుకుని, "ఓ... లా లా లా" అని మూలిగింది. మదాం మొహం వాడిపోయింది. నూకరాజుకి ఫ్రెంచి రాదు, వచ్చిన ఇంగ్లీషు రెండు ముక్కలే, ఆ రెండూ వాడేశాడు. "నో ఫ్రెంచి, మేడమ్, ఓన్లీ గుడ్డ!" అన్నాడు. ఇటు తిరిగి తెలుగులో, "ఏం వదినా, నోరు పెగలటం లేదా? మాట రాదని బయటపడకుండా బాగానే మూటగట్టారు" అన్నాడు. పేరంటాలుకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి నెత్తి మీది ముడి దాకా వెళ్ళింది, మళ్ళీ దిగిపోయింది. పొద్దుగూకకుండా ముడి విప్పితే పండగ చెడుద్ది, అమ్మ ఎన్నడూ విప్పలేదు. విప్పకపోతే గది పోద్ది. నువ్వే చెప్పు, ఏం చేస్తుంది? నిలువునా చెమట్లు కారుతున్నాయంట, ఆ వానలో అవి కూడా కలిసి గోదారి మూరెడు లేచిందంట.

నూకరాజు ఇంక ఆగలేదు. తలుపు దగ్గరికెళ్ళి గొళ్ళేనికి కొత్త తాళం తగిలించాడు, ఇంక నొక్కడమే తరువాయి. ఆ చప్పుడు వినేసరికి పేరంటాలు చెయ్యి దానంతటదే లేచి ముడి లాగేసింది. అందరూ "అమ్మో" అన్నారు గుడ్డల్లోంచే. అప్పుడు ఎత్తుకుంది, బాబూ, ఫ్రెంచి! అంతా ఫ్రెంచిలోనే సుమా, నీకోసం నేను తెలుగులో చెబుతున్నాను. "ఇలాగేనా గిన్నెలు తోమేది? ఈ సూపేమిటి, గుర్రాన్ని కడిగిన నీళ్ళా? వెన్న ఎక్కడ దాచావు, ఎవర్నడిగి మూత తీశావు? నీకు చెప్పేకంటే ఆ గోడకి చెబితే నయం! పెట్టె సద్దుకో, రేపటికి నువ్వు ఈ ఇంట్లో కనిపించకూడదు!" అని. నూకరాజు జన్మలో గిన్నె తోమి ఎరగడు, అయినా చేతులు వెనక్కి దాచుకున్నాడంట. ఆవిడ అందుకునేసరికి మిగతావాళ్ళు ఊరుకుంటారా? టపటపా ముడులన్నీ ఊడిపోయాయి. పిల్లలు, కోడళ్ళు, పళ్ళు లేని తాతలు, అందరూ కలిసి నూకరాజుని వెన్న దొంగతనం కింద కడిగి పారేశారు. ఇందాకటి చిన్నపిల్ల మదాం పమిట, అదే, ఆవిడ గౌను పట్టుకు లాగి తన పేరేమిటో, ఊరేమిటో, వాళ్ళింట్లో ఎన్ని కోళ్ళున్నాయో అన్నీ ఫ్రెంచిలోనే చెప్పేసింది.

మదాం నవ్వి నవ్వి అరుగు మీద చతికిలబడింది. కళ్ళు తుడుచుకుని, ఇంత మాట పెట్టుకుని ఆ గుడ్డలెందుకు కట్టారమ్మా అని అడిగింది. పేరంటాలు నిటారుగా నిలబడి, మీ పద్ధతే కదండీ, మా దొరగారు ఆఖరి పండక్కి ఇలాగే వచ్చాడు, ఎడం బుగ్గ పట్టుకుని, గంజిలాంటిది పక్కమూతితో తాగి, మూలిగి వెళ్ళాడు అని మొత్తం చెప్పింది. మదాం అరుగు మీంచి లేచి పేరంటాలు దగ్గరికొచ్చిందంట. తరవాత మెల్లిగా, "అమ్మా, మీ దొరకి ఆ రోజు పన్ను నొప్పి" అంది. వాన కూడా ఆగి విందంట. పేరంటాలు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మా అమ్మ అబద్ధం చెప్పదండీ" అంది, ఆ పెద్ద గొంతు పిల్లిపిల్ల గొంతయిపోయి. "అబద్ధమని ఎవరన్నారు? చూసింది చూసినట్టే చెప్పింది. ఎందుకో దొర చెప్పలేదు, అంతే" అంది మదాం. నూకరాజుకి మాట అర్థం కాలేదు గానీ మొహాలు చూసి సంగతి పసిగట్టేశాడు. ముందుకొచ్చి, "మేడమ్, ఫ్రాన్సులో ఈ గుడ్డ, ఎస్సా, నోవా?" అని నిలదీశాడు.

మదాం వాడి వంక చూసి, నాకు తెలీదు అంది. తెలీకపోవడమేమిటండీ అని పేరంటాలు అడిగితే, "నేను ఫ్రాన్సు ఎప్పుడూ చూడలేదు" అంది! పేరంటాలు నోరు తెరిచేసింది. మరి ఇంత ఫ్రెంచి ఎక్కడిదమ్మా నీకు అని అడిగింది. మదాం చెప్పిందంట, నాది కెనడా, గోధుమచేల మధ్య చిన్న పల్లె, పల్లెలో కొద్ది ఇళ్ళ వాళ్ళమే ఫ్రెంచి, చుట్టూ ఎటు చూసినా ఇంగ్లీషు, అంగడికెళ్తే ఇంగ్లీషు, గడప లోపలికొస్తే ఫ్రెంచి. మా మామ్మ కూడా గిన్నెల దగ్గరే తిట్టి నేర్పింది. చలికాలంలో వచ్చే పండక్కి మా వాళ్ళంతా ఒక చేతికే ఉన్ని తొడుగు వేసుకొస్తారు, రెండో చెయ్యి చలికి నల్లబడిపోతున్నా సరే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. బహుశా మా తాతల్లో ఎవరో రెండోది పారేసుకుని ఉంటాడు. ఫ్రాన్సు నించి వచ్చిన చుట్టాలు మా మాట విని నవ్వుతారు, మా తొడుగు చూసి నవ్వుతారు, నవ్వేసి వెళ్ళిపోతారు. మేం మాత్రం మాట్లాడుతూనే ఉన్నాం అని. అలా చెప్పి, పేరంటాలు చేతిలో గుడ్డ తీసుకుని తన దవడకి చుట్టుకుని, నెత్తి మీద ముడేయమని తల వంచింది. ఎంత వంచినా అందక పేరంటాలు అరుగెక్కి, అరుగు మీద పీటేసుకుని, పీట మీద నిలబడి వేసిందంట.

ముడి పడ్డాక మదాం గొళ్ళేనికున్న కొత్త తాళం తీసి నూకరాజు చేతిలో పెట్టేసింది. వాడు కాళ్ళీడ్చుకుంటూ పోతుంటే పేరంటాలే పిలిచింది. "ఒరేయ్ నూకరాజూ, గది నీకెలాగూ రాదు, అలా మొహం వేలాడేసుకోకు. పన్ను నొప్పికి ఐసు పెడితే హాయిగా ఉంటుంది, మా దొరకి పాపం ఆ రోజు ఎవరూ పెట్టినట్టు లేదు. ఓ దిమ్మ పట్రా" అంది. వాడు మొదట గింజుకున్నాడు గానీ, మదాం కూడా బుగ్గ చూపించేసరికి పట్టుకొచ్చాడు. ఇప్పుడు చూడు, ఏటేటా మనిషికో ఐసుముక్క బుగ్గకి ఆనించందే పండగ కాదు. నూకరాజే ముందు నిలబడి అందరికంటే గట్టిగా మూలుగుతాడు, ఐసు లేకుండా చేస్తే అది అసలు ఫ్రెంచి పద్ధతే కాదని కొత్తవాళ్ళకి పాఠం చెబుతాడు. ముడి మాత్రం మధ్యాహ్నానికే విప్పేసి, పొద్దుగూకేదాకా కడుపారా తిట్టుకుంటున్నారు.

ఐతే మదాం వెళ్తూ వెళ్తూ ఒక మెలిక పెట్టింది. ప్రతి లక్ష్మివారం గదిలో పేర్లు పిలవాలి, పిలిచిన పేరుకి మనిషి పలకాలి, జనం పల్చబడితే మళ్ళీ ఆలోచిస్తాం అంది. పేరంటాలు పోయినేడు నా పేరు కూడా చేర్చేసింది, నా ఖర్మ. వెళ్దామంటే నా మోకాళ్ళు ఏనుగు తొక్కినట్టున్నాయి. రేపు లక్ష్మివారమే కదా, బాబూ, నువ్వెళ్ళేది కూడా యానాం మీదుగానే. ఆ పుస్తకం సంచీలో పెట్టి లే. ఆ గదిలో చివరాఖర్న కూచో, "బుల్లెమ్మా" అని నా పేరు పిలిస్తే గొంతు కాస్త సన్నం చేసి "ప్రెజాన్" అను, ఉన్నానండి అని దానర్థం. ఏదీ, ఒకసారి అను. ఇంకొంచెం గట్టిగా, చదువుకున్నవాడివి కదా, సిగ్గేమిటి?