బంతి మీద ఖాళీ చోటు

జనవరి నెల, శనివారం మధ్యాహ్నం. బయట మంచు కురుస్తోంది. లోపల రివర్‌మెన్ బేస్‌బాల్ జట్టు అభిమానుల పండగ. సంతకాల హాల్లో చిట్టచివరి బల్ల వెనక పాత ఆటగాడు లాయిడ్ వెంజెల్ కూర్చున్నాడు. బల్ల ముందు చేతిసంచితో ఓ పెద్దావిడ నిలబడింది.

"అమ్మా, మీరు పొరపాటు లైన్లో నించున్నట్టున్నారు. ఈ జట్టు హీరో డెలానో సంతకాలు అటు, ఆ స్తంభం అవతల."

"ఇక్కడ లైనెక్కడుందండీ పొరపడ్డానికి? నేనొక్కదాన్నేగా."

"అదే నేనంటున్నది. పొద్దుట్నించీ ఈ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు నలుగురు. ఒకాయన బాత్రూమెటు అని అడిగాడు. ముగ్గురు డెలానో ఎక్కడని."

"అయితే నేను ఐదోదాన్ని. మీకోసమే వచ్చాను. లాయిడ్ వెంజెల్. ఔట్‌ఫీల్డ్. డెబ్భై ఎనిమిది, సెప్టెంబరు. పదకొండు రోజులు."

"ఓరి దేవుడా! ఆ సంగతి మా మనవలకే గుర్తుండదు."

"ఏడుసార్లు బ్యాటు పట్టారు. ఒక్క హిట్టు."

"అదేం హిట్టులెండి. బ్యాటు అంచుకి తగిలి మూడో బేసు వేపు దొర్లుకుంటూ పోయింది. అక్కడున్న కుర్రాడు వంగబోయి కాలు జారి పడ్డాడు. నేను బతికిపోయాను."

"రేడియోలో అలా చెప్పలేదే! 'వెంజెల్ కొట్టాడు' అని గట్టిగా అరిచాడట."

"మీరు విన్నారా?"

"నేను కాదు. విన్నవాళ్ళు చెప్పారు."

"ముందు కూర్చోండి. ఆ కుర్చీ మా ఆవిడకని వేశారు, తను రానంది. జట్టుకి యాభయ్యేళ్ళు నిండాయి కదా, ఆ చొక్కా ఒక్కరోజు తొడుక్కున్నవాణ్ణి కూడా వదలకుండా పిలిచారు. 'వెళ్ళకయ్యా, వేరేవాళ్ళ పెళ్ళిలో భోజనానికి కూచున్నవాడిలా ఉంటావు' అంది మా ఆవిడ."

"మరెందుకొచ్చారు?"

"ఏమో. వచ్చాను. ఇంతకీ ఎవరి పేరున రాయమంటారు? ఆటగాళ్ళ బొమ్మలతో అమ్మే కార్డు అడక్కండి, నా బొమ్మతో ఎవరూ వెయ్యలేదు. ఇదిగో, ఈ ఫోటో వీళ్ళే ఇచ్చారు. రెండొందలు ముద్రించారట, పాపం."

"ఫోటో వద్దండీ. బంతి తెచ్చాను."

"బంతా, తియ్యండి. ఇన్ని గుడ్డలేంటమ్మా, పసిపిల్లని చుట్టినట్టు?"

"పాతది. వెలుతురు తగిలితే సిరా పోతుందని సాక్సులో పెట్టి, ఆ సాక్సుని తువ్వాల్లో చుట్టి దాచేవాడు మా అన్నయ్య. జాగ్రత్త. ఇదిగో."

"ఇది..."

"గుర్తుపట్టారా?"

"ఇది చిన్న లీగు బంతి. ఈ పెద్ద జట్టుకి రాకముందు నేనాడిన క్రెస్టన్‌ది."

"అవును, క్రెస్టన్. అయోవా. ఇరవై రెండు సంతకాలు. చదవండి."

"ఉండండి, కళ్ళజోడు... ఆ. డూలిన్. పెరెజ్... పొట్టి పెరెజ్. హాప్‌కిర్క్! వీడు తన పేరు తనే తప్పు రాసేవాడు. చూడండి, ఇక్కడా ఒక అక్షరం మింగేశాడు. ఇది మా క్యాచరు, వాడి పేరేంటబ్బా... ఇది..."

"అది మెర్ల్ ఓస్టర్."

"మెర్ల్."

"నేను ఆయన చెల్లెల్ని. జోలీన్."

"జోలీన్... పళ్ళకి తీగలు కట్టించుకుని, మేక పక్కన నించుని..."

"ఆ ఫోటో మీకూ చూపించాడా!"

"చూపించడమేంటి, గోడకే ఉండేది. క్రెస్టన్‌లో మేం అద్దెకున్న హాపెట్ గారింట్లో మేడ మీద ఒకే గది మా ఇద్దరికీ. కిటికీ పక్క మంచం వాడిది. పొద్దున్నే లేచి మీ అందరి పేర్లూ వరసగా చెప్పి, మేకతో సహా, అప్పుడు మొహం కడుక్కునేవాడు. ఎలా ఉన్నాడు?"

"అక్టోబరులో పోయాడండీ."

"పోయాడా?"

"ఊపిరితిత్తులు. ధాన్యం గోదాములో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. ఆ దుమ్మంతా లోపలికే పోయింది. మీకు తెలియజెయ్యాల్సింది. చిరునామా మారిందేమోనని ఊరుకున్నాం."

"మారలేదు."

"ప్రతి క్రిస్మస్‌కీ మీకు కార్డు రాసేవాడు."

"అందేవి."

"అన్నీనా?"

"అన్నీ. చెప్పుల డబ్బాలో దాచాను."

"ఒక్కదానికన్నా జవాబు..."

"రాయలేదు."

"తీరిక లేదేమో అనుకునేవాళ్ళం."

"తీరికకేం తక్కువమ్మా! టైర్ల కొట్టు నాది. ఐదింటికి తలుపు మూస్తే మర్నాడు ఎనిమిదింటి దాకా పనే లేదు."

"ఏవండీ పెద్దాయనా, మీ మాటలకి అడ్డొస్తున్నాను, డెలానో లైన్లో వాళ్ళం, మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తారా? వెనకాల ఆ జెండా పడాలి."

"ఇలా ఇవ్వు నాయనా. ఇద్దరూ దగ్గరగా జరగండి. ఆఁ, తీశాను. చూసుకో."

"చాలా థాంక్సండీ. మీరు కూడా ఆడేవారా ఏంటి?"

"కొన్నాళ్ళు. వెళ్ళండి, డెలానో దగ్గర మీ వంతు పోతుంది."

"మీ పేరు చెప్పొచ్చుగా వాళ్ళకి?"

"ఎందుకులెండి జోలీన్ గారూ. పెళ్ళి చేసుకున్నాడా మెర్ల్?"

"లేదు. మా పిల్లలే వాడి పిల్లలు. సాయంత్రాలు ఊళ్ళో పిల్లకాయలందరికీ ఆట నేర్పేవాడు. ఎవడైనా బాగా ఆడితే చాలు, 'మా లాయిడ్‌లా పరిగెడుతున్నావురా' అనేవాడు. 'మా రూమ్మేటు పెద్ద లీగుకెళ్ళాడు' అని అందరికీ చెప్పుకునేవాడు."

"నేనంత గొప్పగా పరిగెత్తలేదు. వాడే పరిగెత్తేవాడు. వాడు పరిగెడితే గడ్డి కూడా నలిగేది కాదు."

"ఇక్కడ చూడండి. రెండు కుట్లూ దగ్గరికొచ్చే చోటు. ఖాళీగా ఉంది, చూశారా?"

"అది మేనేజరు చోటు. గస్ బ్రానిగన్ పెట్టాలి."

"ఆయన అప్పటికే ఊరు దాటారట. మీరు పైకి, పెద్ద లీగుకి వెళ్ళిపోయిన రోజు పొద్దున్న, కుర్రాళ్ళంతా పెట్టెలు సర్దుకుని ఇళ్ళకి పోతూ వరసగా సంతకాలు పెట్టారట. 'బంతి నీదేగా మెర్ల్, మధ్యలో నువ్వే పెట్టుకోరా' అన్నారట. వద్దన్నాడట. 'అది పైకెళ్ళినవాడి చోటు. లాయిడ్ వచ్చి పెడతాడు' అన్నాడట."

"నాకోసం ఉంచాడా."

"ఇన్నేళ్ళూ. నేనెన్నోసార్లు పోరాను, ఐదు గంటల దారేగా, కారేసుకుని వెళ్ళి పెట్టించుకురారాదా అని. 'వాడే వస్తాడులే' అనేవాడు. రాలేదు మీరు. పెట్టండి మరి. పెన్ను కూడా తెచ్చాను, నీలం బాల్‌పాయింటు. మీ బల్ల మీదున్న స్కెచ్ పెన్నులు వద్దు, పాకిపోతాయి."

"ఫోటో మీద పెడతానమ్మా. పెద్ద అక్షరాలతో రాస్తాను, 'మెర్ల్‌కి, నీ లాయిడ్' అని."

"పోయినవాడికి ఫోటో ఎందుకండీ? బంతి మీద పెట్టండి."

"తోలు ఎండిపోయింది. సిరా పట్టదు."

"పడుతుంది. ఇంట్లో ఇలాంటి పాత బంతి మీద గీసి చూశాను."

"ఈ మధ్య నా రాత కుదురుగా రావట్లేదు. పాడైపోతుంది."

"పాడైతే అవనివ్వండి."

"కాదమ్మా, మరోసారెప్పుడైనా..."

"మరోసారా! పదకొండు రోజులకే ఇంత గీరా? అక్కడ డెలానో చూడండి, చంటిపిల్లల చొక్కాల మీద కూడా గీకేస్తున్నాడు."

"గీర కాదు తల్లీ. నేను ఆ బంతి మీద పెట్టలేను. అది నా చోటు కాదు."

"ఓహో."

"ఎందుకు కాదని అడగరేం?"

"మీరు చెప్తే వింటాను."

"మా ఆవిడకి కూడా చెప్పలేదు నేను."

"చెప్పకపోయినా ఏం ఫరవాలేదు. సంతకం చాలు."

"ఉండండి. చెప్తాను. చెప్పనివ్వండి. మా చిన్న లీగు సీజను ముగిసిన మర్నాడు, సాయంత్రం. మెర్ల్ బట్టలుతికే షాపుకెళ్ళాడు. వాడి బట్టలూ నా బట్టలూ కూడా. ఎప్పుడూ వాడే వెళ్ళేవాడు, నాకు బద్ధకం. కింద హాపెట్ గారి ఫోను మోగింది. ఆవిడ చర్చికెళ్ళింది. నేనెత్తాను."

"ఊఁ."

"మా మేనేజరు గస్. 'లాయిడ్, మెర్ల్‌ని పిలువు' అన్నాడు. లేడన్నాను. 'ఎక్కడున్నా పట్టుకో. రేపు మధ్యాహ్నానికల్లా వాడు పైన ఉండాలి. పెద్ద జట్టుకి ఔట్‌ఫీల్డర్ కావాలట, మెర్ల్‌ని పంపుతానని చెప్పాను' అన్నాడు."

"ఊఁ."

"వింటున్నారా మీరు?"

"వింటున్నా. చెప్పండి."

"ముందుగా అనుకుని అన్నది కాదమ్మా. ఒట్టేసి చెప్తాను. నోట్లోంచి అలా ఊడిపడింది. 'మెర్ల్ మోకాలు వాచింది గస్, నిన్న చివరి ఆటలో మెలిపడింది, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాడు' అన్నాను."

"మోకాలు."

"అదే. గస్ ఒక బూతు తిట్టాడు. పైవాళ్ళు ఇంకో ఫోన్లో కాచుకునున్నారు, ఎవరిదో ఒక పేరు ఆ క్షణాన చెప్పాలి. 'నీ కాళ్ళు బానే ఉన్నాయిగా?' అన్నాడు. 'బానే ఉన్నాయి' అన్నాను."

"తరవాత?"

"మెర్ల్ బట్టల సంచి భుజానేసుకుని వచ్చాడు. నన్ను పిలిచారని చెప్పాను. సంచి అక్కడే పడేసి నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. హాపెట్ గారినడిగి ఇస్త్రీపెట్టె తెచ్చి, నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేశాడు. పెద్ద లీగుకి ఈ నలిగిన బట్టలతో వెళ్తావురా అని. నేను మంచమ్మీద కూచుని చూస్తూ ఉన్నాను. పొద్దున్నే బస్సెక్కించి, బస్సు కదిలితే దాని వెంట పరిగెత్తాడు."

"మా ఊళ్ళో ఆ రేడియో తగలదని, మీ ఆటలు వింటానికి ఇంటికి కూడా రాలేదు. రెండు వారాలు ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు, హాపెట్ గారి కంచెకి రంగులేస్తూ."

"వద్దు. చెప్పకండి."

"మీరు హిట్టు కొట్టినప్పుడు గంతేసి రంగు డబ్బా తన్నేశాడట."

"చెప్పద్దన్నానా!"

"సరే. చెప్పనులెండి. మంచినీళ్ళు తాగండి."

"వచ్చే ఏడు వాడూ వెళ్తాడు అనుకున్నాను. నాకన్నా ఎన్నో రెట్లు ఆడేవాడు. ఏముంది, ఆరేడు నెలలు ఆలస్యం అంతేగా అని సర్దిచెప్పుకున్నాను. మార్చిలో నేను పెద్ద జట్టు క్యాంపులో ఉండగా తెలిసింది, వాణ్ణి ఇంటికి పంపించేశారని. ఎందుకని ఎవర్నీ అడగలేకపోయాను."

"డాక్టరు చూసి మోకాలికేం లేదనే అన్నాడు. అయినా కాగితాల్లో ఎక్కిపోయింది కదా. కుంటిదని పేరుపడ్డ గుర్రాన్ని ఎవరు మేపుతారు? రెండు వారాల్లో పంపేశారు."

"కాగితాల్లోనా? ఆ సంగతి... జోలీన్ గారూ, మీకు ముందే తెలుసా ఇదంతా?"

"సెప్టెంబరులో చెప్పాడు. ముక్కుకి గొట్టంతో, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ. అప్పటిదాకా నాకూ తెలీదు. మా అమ్మ తెలీకుండానే పోయింది."

"తెలిసే, నాతో ఇందాకట్నించీ..."

"మీరు ముందు సంతకం పెట్టండి."

"ఇంత జరిగాక కూడానా?"

"నేనైతే ఈ బంతి మీ మొహాన కొట్టేదాన్ని. అక్టోబరు నించీ అదే అనుకుంటున్నాను. ఈ పొద్దున కార్లో కూడా అదే. మా అన్నయ్య వేరు, నేను వేరు. కానీ బంతి నాది కాదు. 'వెళ్ళు జోలీ. ఫోను సంగతి నువ్వెత్తకు. చెప్తే విను. చెప్పకపోతే సంతకం పెట్టించుకుని వచ్చెయ్' అన్నాడు. పెట్టండి."

"ఇక్కడేనా?"

"కుట్ల మధ్యన. ఆఁ, అక్కడే. మెల్లిగా."

"వంకర పోయింది."

"పోనివ్వండి. ఊది ఆరబెట్టండి. చెయ్యి తగిలించకండి."

"ఇప్పుడు చెప్పు తల్లీ. వాడికెలా తెలిసింది? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మరుసటి మార్చి, ఫ్లోరిడా క్యాంపు. మొదటి రోజు. చేతిలో సంచి ఇంకా దించనే లేదట. గస్ గారు ఎదురొచ్చి, భుజమ్మీద చెయ్యేసి, 'ఏరా మెర్ల్, మోకాలెలా ఉంది?' అన్నాట్ట."

"అప్పుడే అర్థమైపోయిందా!"

"అప్పుడే."

"మరి నిజం చెప్పాల్సింది కదా! నా మోకాలికేం కాలేదు, ఎవడన్నాడు అని ఒక్క మాట అనుంటే... నన్ను తన్ని, వాణ్ణే పైకి పంపేవాళ్ళు కదా! ఏమన్నాడు? ఏమన్నాడమ్మా వాడు?"

"'తగ్గిపోయిందండీ' అన్నాట్ట."