చరణ్‌కి అంటుకున్న భాష

వద్దు సుభద్రమ్మా, ఆ స్వీట్ల డబ్బా అక్కడ పెట్టబాకండి. పోయేటప్పుడు తీసుకుపోండి.

మీరు కూర్చోండి. ఆ మంచం మీదే కూర్చోండి, మా బర్ దుబాయ్ గదుల్లో సోఫాలు పట్టవు. లిఫ్టు పాడైనా ఇన్ని మెట్లెక్కి వచ్చారంటే అవసరం ఎట్టాంటిదో అర్థమైందిలే.

ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి. నేను మీ చరణ్ వాళ్ల బడికొచ్చి, ఆ కోఆర్డినేటర్ మేడం ముందు కూర్చుని, "పరీక్షలో చెప్పిన ఈ ఉపన్యాసం నా ట్యూషన్‌లో తయారైందే, మాటలన్నీ పిల్లోడివే" అని చెప్పాలా?

ఛీ! అడగడానికి నోరెట్టా వచ్చిందండీ మీకు?

కోపం గాదమ్మా. కోపమైతే అరిచి ఊరుకుంటా. ఇది అసహ్యం.

మీరన్నీ మర్చిపోయినట్టుండారు. నేను గుర్తు చేస్తా. పోయినేడు మీవారు రావుగారికి ఆఫీసులో ఎవరో చెప్పారు, చరణ్ చదివే ఐబీ డిప్లొమాలో, అదే మన ఇంటర్ లాంటిదాంట్లో, మాతృభాష సాహిత్యం కూడా తీసుకుంటే రెండు భాషల డిప్లొమా ఇస్తారని, పెద్ద యూనివర్సిటీల్లో అది బాగా కనపడతాదని. బళ్లో తెలుగు టీచర్ లేదు, బయట ఎవర్నన్నా పెట్టుకోమన్నారు. పిల్లోడికేమో ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడటమే గానీ, అక్షరాలు రావు.

అప్పుడు గదా నన్ను పిలిచారు? గుమ్మంలోనే రావుగారు ఏమడిగారో తెలుసా? "మీరు ముస్లిమ్స్ కదా, మరి తెలుగు ఎలా?"

నవ్వి ఊరుకున్నా. ఉదయగిరి హైస్కూల్లో పిల్లలకి ఛందస్సు చెప్పినదాన్ని. మా నాయన, మా తాత, అందరూ తెలుగులోనే ఉత్తరాలు రాసుకున్నోళ్లు. ఎన్నిసార్లని చెప్పుకోవాలి?

సరే, అదంతా పక్కన బెట్టండి. పిల్లోడు బంగారం. మొదట్లో ఒత్తులు చూసి భయపడేవాడు. "ఆంటీ, ఈ అక్షరం కింద ఈ పురుగేంటి?" అనేవాడు. ఎండాకాలం సెలవులకి మీరందరూ ఊరెళ్తే, వాడు రోజూ వీడియో కాల్‌లో చదివి వినిపించేవాడు. దసరా వెళ్లేసరికి కథలు చదవతా ఉండాడు. గబగబా కాదు. నములుకుంటా, వెనక్కి పోతా, ఇష్టంగా.

ఒక కథ ఇచ్చా. వీధి కుళాయి దగ్గర ఆడోళ్ల కథ. చదివి, మళ్లీ మొదటికి పోయి ఇంకోసారి చదివాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా?

"ఆంటీ, వీళ్లందరూ ఎదుటివాళ్లని బట్టి గొంతు మార్చేస్తున్నారు. మా నాన్న కూడా అంతే. పై మేనేజర్, ఆ ముదీర్ ఫోన్ చేస్తే ఒక గొంతు, డ్రైవర్‌తో ఒక గొంతు. ఆ రెండూ కాక ఇంకో గొంతుందా ఆయనకి?"

పదిహేడేళ్ల పిల్లోడండీ! నా సర్వీసులో ఏ పిల్లోడూ అంత మాట అనలా. "దీని మీదే మాట్లాడు నాయనా, పరీక్షకి ఇదే చాలు" అన్నా.

పరీక్షంటే ఏముంది? గదిలో కూర్చోబెట్టి, కథ గురించి తెలుగులో మాట్లాడించి, రికార్డు చేసి పంపుతారు. వాడి మాటలు వాడు చెప్పుకుంటే సరిపోయేది.

మీరేం చేశారు?

వాడు సాధన చేస్తా ఉంటే రావుగారు విన్నారు. "ఇంటి గుట్టు రికార్డు చేసి ప్రపంచానికి పంపుతావా?" అని అరిచారంట. అదొకటి. ఆ వారమే వాడు భోజనాల దగ్గర మీతో "ఏందమ్మా, అట్టా చూస్తా ఉండావు?" అన్నాడు. మీరు నాకు ఫోన్ చేసి, నవ్వతానే అన్నారు, "సమీనా గారూ, మావాడికి మీ భాష అంటుకుంటోందండీ" అని. అంటుకోవడానికి నా భాషేమన్నా జ్వరమా? గజ్జా?

మర్నాడు మెసేజ్. ఇంక రావద్దని. ఖలాస్.

ఆన్‌లైన్‌లో ఎవరో సారుని పెట్టారు. ఆయన పాఠం చెప్పలా, ఉపన్యాసమే రాసిచ్చాడు. మీ వాడు బట్టీ కొట్టాడు. "మహోన్నత మానవతా విలువలకు దర్పణం పట్టిన..." అబ్బ! ఏ పదిహేడేళ్లోడు అట్టా మాట్లాడతాడమ్మా? మీరు మాట్లాడతారా? రావుగారు మాట్లాడతారా? ఆ సారు అదే ఉపన్యాసం ఇంకో ఇద్దరు పిల్లలకి కూడా అమ్ముకున్నాడంట. ముగ్గురూ ఒకే ముక్క అప్పజెప్పి దొరికిపోయారు. విచారణ జరగతా ఉంటే, ఇప్పుడు గుర్తొచ్చానా నేను?

ఏడవబాకండి. ఇంకోటి కూడా వినండి.

నిన్న సాయంత్రం చరణ్ వచ్చాడు. ఆ... మీకు చెప్పలేదా? మీరు కూర్చున్న చోటే కూర్చున్నాడు. టీ ఇచ్చా, తాగలా. "ఆంటీ, ఒక్క అబద్ధమే కదా. అందరూ చేస్తున్నదే. మీకేం పోతుంది?" అన్నాడు.

అన్నాడు చూడండీ! ఎంత శుభ్రంగా అన్నాడనుకున్నారు! నా యాస ఒక్క ముక్క లేదు. మీరు సంతోషించాల్సిందే.

"నీ మాటలేవిరా?" అని అడిగా. "నువ్వు మీ నాన్న గురించి చెప్పినవి?"

తల దించుకున్నాడు. "అవి మర్చిపోయాను ఆంటీ" అన్నాడు.

మర్చిపోలా. నాకు తెలుసు. మర్చిపోయినోడికి చెవులు అంత ఎర్రబడవు.

మీరు మంచినీళ్లు తాగండి. తాగితే చెప్తా, చెప్పక తప్పదు ఎట్టాగూ.

ఈ పొద్దున ఆ మేడం ఫోన్ చేసింది. బడి కాగితాల్లో ట్యూటర్‌గా నా పేరే ఉంది గదా, మీరు మార్చలా. "ఈ ఉపన్యాసం మీ దగ్గర తయారైందా?" అని అడిగింది. లేదన్నా. "ఈ మాటలు ఆ అబ్బాయివేనా?" అనడిగింది. కావన్నా. వాడి మాటలు ఇంతకంటే చాలా బాగుంటాయి, కాగితం లేకుండా ఇంకోసారి కూర్చోబెట్టి వినండని కూడా చెప్పా. చూస్తామంది. చూస్తారో లేదో, వాడి డిప్లొమా ఉంటాదో పోతాదో, అల్లాకే ఎరుక.

అట్టా చూడబాకండి. మీరు రాకముందే అయిపోయింది ఇదంతా.

నిజం చెప్పానే గానీ, నిజం కోసమే చెప్పానో, మీ మీద కడుపుమంటతో చెప్పానో నాకే తేలడం లేదు. వాడి ముఖమే కళ్లల్లో మెదలతా ఉండాది. నా మీద నాకు కూడా రోతగానే ఉండాది, ఇది చాలా మీకు?

ఇంటికి పోండమ్మా. వాడు బడి నుంచి వచ్చుంటాడు. తిట్టబాకండి.

నేనా? నాకు కొత్త ట్యూషన్ ఉంది, అబ్బాయి వచ్చే టైమయింది. వాళ్లమ్మానాన్నలకీ డిప్లొమానే కావాలంట. తెలుగు రాకపోయినా ఫర్వాలేదన్నారు.