అరిచినవాళ్లే చెప్పాలి

వారం మధ్యలో జనం లేని వినోదాల పార్కు. రోలర్ కోస్టర్ ముందు వరసలో ఓ మొగుడూ పెళ్లామూ. దూరంగా బెంచీ మీద సంచులకు కాపలాగా అతని తల్లి. మీట దగ్గర ఆపరేటరు.

"మెల్లగా మాట్లాడండి, మీ అమ్మగారు వింటారు."

"బెంచీ ఎక్కడో ఉందోయ్. పార్కంతా మనమే. ఇవాళ కాకులు కూడా డ్యూటీకి రాలేదు."

"అయితే ఇంకెప్పుడు చెప్తారు? ఎల్లుండే ఒకటో తారీఖు. సామాన్ల బండి గుమ్మం ముందాగాక చెప్తారా, 'అమ్మా, మేం వేరు కాపురం పోతున్నాం, కాస్త ఈ బీరువా పట్టు' అని?"

"చెప్దామనేగా సెలవు పెట్టి మరీ తీసుకొచ్చా!"

"పొద్దున్నుంచి మూడుసార్లు నోరు తెరిచారు. ఒకసారి ఐస్‌క్రీమ్ అడిగారు, ఒకసారి ఆవులించారు, ఒకసారి తుమ్మారు."

"నెత్తిన పెట్టుకు చూసుకుంటానని మాటిచ్చానే మా అమ్మకి! ఆ నోటితోనే ఇదెలా... పోనీ, నువ్వు చెప్పరాదూ?"

"కోడలు చెప్తే కొంప కూల్చిందంటారు. కొడుకు చెప్తే కొంప మారాడంటారు. మీరే చెప్పాలి."

"సరే, పందెం! ఇది కదిలాక ఎవరు అరిస్తే వాళ్లే చెప్పాలి."

"చిన్నప్పుడు ఎక్కాలంటేనే ఏడ్చేవారట. ఇది ఎక్కి అరవకుండా ఉంటారా?"

"ఎవరన్నారు?"

"మీ అమ్మగారే."

"ఏం ఆపరేటరు బాబూ! అరిచిందెవరో నువ్వే తీర్పు చెప్పాలి. ఇదేమిటి, కాపురం కాడి చాలదన్నట్టు భుజాల మీద ఈ ఇనప కాడి కూడానా?"

"అది మీ భద్రత కోసం సార్. ఒక్క నిమిషం, వెనక వరసలో కూడా బిగించొస్తా."

"ఖాళీ సీటుకి బిగించడం దేనికయ్యా?"

"అదీ... రూలు సార్. తల తిప్పకండి, మెడ పట్టేస్తుంది."

"ఏవండీ, ఏవండీ, కదులుతోంది!"

"కదలకపోతే బల్ల అంటారు దాన్ని."

"నా చెయ్యి నలిపేస్తున్నారు."

"నీకు భయమేస్తుందని గట్టిగా పట్టుకున్నానంతే. అన్నట్టు, బెంచీ మీద అమ్మ లేదేమిటే?"

"మాట మార్చకండి. పళ్లు బిగించండి, పై కొసకొచ్చేశాం!"

"ఊఁ..."

"మ్మ్‌మ్..."

"ఓరి నాయనోయ్! చచ్చాన్రోయ్!"

"హమ్మయ్య, ఆగింది! అరిచావ్, అరిచావ్! చెప్పాల్సింది నువ్వే!"

"నేనెక్కడ అరిచాను? పళ్లు బిగించీ బిగించీ దవడలు పీకుతున్నాయి. మీరే అరిచారు."

"నాకు ఊపిరే రాలేదు, అరుపెక్కణ్ణుంచి వస్తుంది? అరువు తెచ్చుకున్నానా? బాబూ, తీర్పు!"

"మీరిద్దరూ అరవలేదు సార్."

"మరి?"

"వెనక కాడి కూడా ఎత్తనివ్వండి. వాళ్లే చెప్తారు."

"నేనేరా. ఉండు, బతికానో లేదో చూసుకోనీ ముందు."

"అమ్మా! నువ్వా! నువ్వెప్పుడు ఎక్కావు?"

"మీరు పందెం వేసుకుంటున్నప్పుడే. సంచులకేమన్నా కాళ్లున్నాయా పారిపోవడానికి? చెప్పొద్దని ఈ అబ్బాయి గడ్డం పట్టుకు బతిమాలా."

"అయితే అత్తయ్యా... అంతా విన్నారా?"

"కొత్తగా వినేదేముందమ్మాయ్? మీ కొత్తింటి ఓనరు, వీడి ఫోను కలవక, వారం కిందటే ఇంటికి చేశాడు. మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నాం."

"అమ్మా, అది కాదే, నేనే చెప్దామని..."

"నువ్వు చెప్పక్కర్లేదు. అరిచినవాళ్లే చెప్పాలని పందెం మీది. అరిచింది నేను, చెప్పేదీ నేనే. నెత్తిన పెట్టుకు చూసుకుంటానన్నావు చూడూ, ఆ మాట నువ్వు తప్పినా నేను తప్పనివ్వన్రా. ఆ ఇంట్లోనే మీ వాటాకి సరిగ్గా పైన మేడ ఖాళీ అన్నాడు ఓనరు. నేను తీసేసుకున్నా."