మందు కొట్లు తగలని దారి

మా దాలినాయుడు మందు మానేశాడంటే నాకు నమ్మకం లేదు. ఆ, మొగుడి పేరు నోటితో అనేశాను, దానికి తర్వాత తిడుదురుగాని, ముందు ఈ మాట వినండి. నమ్మకం లేదని ఇంతవరకూ ఒక్కరితో అనలేదు. మా అమ్మతో అనలేదు. దేవుడికి దణ్ణం పెట్టినప్పుడు కూడా ఆ ఒక్కటీ మింగేసి మిగతావి చెప్పుకున్నాను. ఇప్పుడు మీతో ఎందుకంటున్నానంటే, జీడిపిక్కలు కొడుతుంటే చేతికే గానీ నోటికి పని లేదు కదా, అందుకు. ఏమైందంటే, పోయిన కోతలప్పుడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "ఏమే, మజ్జిగుందా?" అన్నాడు. మజ్జిగంట! పెళ్లైన కాడ్నించీ ఆ వేళప్పుడు ఆ మనిషి నోట మజ్జిగ మాట వినలేదు. జొరమేమోనని నొసటి మీద చెయ్యేసి చూశాను. చల్లగానే ఉంది. "ఇంక తాగనే" అన్నాడు. అలాగేలే అన్నాను. మర్నాడూ మజ్జిగే, ఆ మర్నాడూ మజ్జిగే. నేనేమో సైకిల్ చప్పుడు వినబడగానే గుమ్మంలోకొచ్చి, ముందు కాళ్లకేసి చూస్తాను, తూలుతున్నాయా లేదా అని. తూలవు. అయినా మర్నాడు మళ్లీ చూస్తాను. అదీ నా నమ్మకం.

అలాగుండగా, మొన్న అన్నం తింటూ, "హైమా, మన పెళ్లిరోజు ఈసారి శనివారం పడింది. ఆదివారం కూడా కలుపుకుని వైజాగ్ ఎల్దామా?" అన్నాడు. వైజాగే ఎందుకంటే, దానికో కథుంది. పెళ్లైన ఏడాదికి ఒకసారి తీసుకెళ్లాడు, సముద్రం చూపిస్తానని. గాజువాకలో మా తమ్ముడు చిరంజీవులు ఇంట్లో దిగాం. బావా బామ్మర్దులు సీసా ముందు కూర్చున్నారు, కూర్చున్నోళ్లు ఇంక లేవలేదు. నేను కొత్త చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, ఆ పూలు వాడిపోయేదాకా అరుగు మీద కూర్చుని, లోపలికెళ్లి పడుకున్నాను. తిరిగొస్తుంటే బస్సు కిటికీలోంచి, మేడల మధ్యన, నీలంగా గీత గీసినట్టు కనబడింది. "అదిగోనే సముద్రం" అన్నాడు, నొప్పెడుతున్న తల పట్టుకుని. అదీ నేను చూసిన సముద్రం. ఈసారి దగ్గరుండి చూపిస్తాడంట, చుక్క ముట్టకుండా.

ఇంక మొదలైంది ప్రయాణం ఆలోచన. పెళ్లికి ముందు మా ఆయన వైజాగ్‌లో సెంట్రింగ్ పనికెళ్లేవాడు కదా, ఊరంతా తెలుసంటాడు. తెలుసు, కాదనను. ఎలా తెలుసనుకున్నారు? ప్రతి సందూ మందు కొట్టుని బట్టే తెలుసు! "సబ్‌మెరైన్ చూద్దాం మావా" అంటే, కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, "దానికెళ్లే దారిలో ఒకటుందే, వద్దు" అంటాడు. "పోనీ చేపల రేవుకెళ్దాం." "అమ్మో, ఆ దారిలో రెండు." "జగదాంబ కాడ చీర కొంటానన్నావు మరి?" "చీర నువ్వు కొనుక్కో, నేను బస్సులోంచి దిగను." నవ్వకండే! సుగుణొదినా, నువ్వైతే మరీను. మీ ఆయన కళ్లు మూసుకుంటే ఏం కనబడతాయో నేనడిగానా? చివరికి ఏమన్నాడంటే, సింహాచలం కొండ మీద సత్రంలో దిగుదాం, కొండ మీద మందుండదు. తెల్లారగానే కిందికి దిగి, కొట్లు తెరిచే లోపల సముద్రం చూసేద్దాం, అట్నుంచటే కైలాసగిరి రోప్‌వే, అదే ఆ తాడుబండి, ఎక్కేద్దాం. "అందులో ఎక్కితే మధ్యలో దిగిపోదామన్నా దిగలేను కదే" అంట. చూశారా, తప్పించుకుపోయే గొడ్డుని రాటకి కట్టినట్టు, తనని తనే కట్టేసుకుంటున్నాడు.

అంతా బాగానే ఉంది, మరి మా తమ్ముడి సంగతో? వైజాగ్ దాకా వెళ్లి తోడబుట్టినోడి గడప తొక్కకుండా వస్తానా? వాడికి ఆడపిల్ల పుట్టింది, నేనింకా ఎత్తుకోనేలేదు. పోనీ వెళ్దామా అంటే, మా వాళ్ల పద్ధతొకటుంది. పెళ్లిరోజున బావ ఇంటికొస్తే బామ్మర్ది తన చేత్తో గ్లాసు నింపుతాడు, పెద్దల పేరు చెప్పి ఒక చుక్క నేల మీద వేస్తాడు, బావ తాగాలి. బావ గ్లాసు బోర్లించాడనుకో, మీ సంబంధం నాకొద్దని మొహం మీద చెప్పినట్టే. మా చిన్నాన్న ఏదో కోపంలో అత్తారింట్లో అలాగే బోర్లిస్తే, మా పిన్ని మళ్లీ పుట్టింటి మొహం చూడలేదు. ఇప్పుడు మా ఆయన మానేసిన సంగతి మా తమ్ముడికి తెలీదు. నేనే చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "బావ ఏటి రాట్లేదప్పా, నా మీద కోపమా?" అని ఈ అక్కని అడుగుతాడు. "పొలం పనులురా" అంటాను. చెప్పాక ఈయన మళ్లీ తాగాడనుకో, "మానేశాడన్నావు కదే" అని పుట్టింటోళ్లంతా నన్ను చూసి జాలిపడరూ? అదీ నా భయం. "మీ తమ్ముడితో నువ్వే చెప్పే" అన్నాడు మా ఆయన. "నేను చెప్తే బావ సరసాలాడుతున్నాడనుకుంటాడు. నువ్వు చెప్తే నమ్ముతాడు." "నువ్వే చెప్పుకోరాదా" అన్నాను. నా మొహంలోకి చూశాడు. అర్థమైపోయిందనుకుంటాను. కంచంలో చెయ్యి కడిగేసుకుని, "పోన్లే, అక్కడికెళ్లాక చూసుకుంటాలే" అని లేచిపోయాడు. తిట్టినా బాగుండేదమ్మా.

ఇంక ఇవాళ పొద్దున్న. పాలు పితకడానికెళ్లిన మనిషి ఎంతకీ రాడు. ముందు నాకొచ్చిన అనుమానం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. గబగబా గొడ్లశాల కాడికెళ్తే, లోపల్నుంచి మాటలు. "ఒరే చిరంజీవీ, కోపగించుకోకురా" అంటున్నాడు. తమ్ముడెప్పుడొచ్చాడా అని తడిక సందులోంచి చూస్తే, తమ్ముడూ లేడు, ఎవడూ లేడు. గేదె ముందు గొంతుక్కూర్చుని, చేత్తో స్టీలు గ్లాసొకటి పట్టుకుని, గేదెతో మాట్లాడుతున్నాడు! "సంబంధం వద్దని కాదురా. మీ అప్పకి సముద్రం చూపించాలి" అని గ్లాసు బోర్లించాడు. నచ్చలేదు కాబోలు, మళ్లీ నిలబెట్టాడు. "నీ కాళ్లు పట్టుకుంటాను బామ్మర్దీ" అన్నాడు. "ఛ, అది మరీ ఎక్కువ" అని తనే అనుకున్నాడు. మళ్లీ మొదట్నించి. గేదె మాత్రం గడ్డి నవుల్తూ, అబ్బే, ఒప్పుకునే మొహం పెట్టలేదు. ఆఖరికి గ్లాసు బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి, "దీన్ని మళ్లీ నిలబెట్టకురా. నాకు భయంరా" అన్నాడు, చిన్నగా. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటేనే కళ్లనీళ్లొచ్చేశాయి. పక్కన పెళ్లాం ఉండగా గేదెతో చెప్పుకోవాల్సొచ్చిందే ఈ మనిషికి, అనుకుని, చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

ఇప్పుడు మీరడుగుతారు, మరి నమ్మకం కుదిరిందా అని. ఏమో, కుదరలేదే. కుదిరాక చూద్దామని కూర్చుంటే పెళ్లిరోజు దాటిపోద్ది. తాగితే ఆ రోజు ఏడుస్తాను, పుట్టింటోళ్లు జాలిపడితే పడనీ. ఈలోపల మా ఆయన తరఫున మాట్లాడే మనిషొకరు ఉండాలి కదా, ఆ గేదె ఎలాగూ మాట్లాడదు. "ఒరే తమ్ముడూ, మీ బావ మానేశాడు, ఈసారి గ్లాసులో కొబ్బరినీళ్లు పొయ్యి, పెద్దలకీ అదే చుక్క వెయ్యి, వాళ్లేమీ అనుకోర్లే" అని నేనే చెప్తాను. సుగుణొదినా, నా చేతులనిండా జీడి సొనే, ఆ సంచీలోంచి నా ఫోన్ తీసి, చిరంజీవులు అని ఉంటాది, నొక్కి నా చెవి కాడ పెట్టు. మీరంతా కాసేపు ఆ కొట్టడం ఆపండి, నా గొంతు వాడికి వినబడాలి.